మన ఎండకు తగిన ఇల్లు: 'ఈకో నివాస్ సంహిత' పరిశీలన

ఇల్లు కట్టదలచిన గృహస్థు మేస్త్రీని అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడు. సిమెంటు ఎన్ని బస్తాలు? ఇనుము ఎంత? మొత్తం ఖర్చు ఎంత? కట్టిన పిదప ఆ ఇంటిలోకి మే నెల మధ్యాహ్నం ఎంత వేడి వచ్చునని అడిగేవారు అరుదు. అడిగితే మాత్రం మేస్త్రీ ఏమని చెప్పగలడు? వాణిజ్య భవనాలకు శక్తి పొదుపు నియమావళి మన దేశంలో 2007లోనే వచ్చినది. కాని మనుషులు కాపురముండే ఇండ్లకు అటువంటి జాతీయ నియమావళి 2018 డిసెంబరు వరకు లేదు. ఆనాడు కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ వెలువరించిన 'ఈకో నివాస్ సంహిత' మొదటి భాగం ఈ లోటును తీర్చడానికి పుట్టినది. ఇంటి గోడలు, కిటికీలు, పైకప్పు – అనగా ఇంటి పై తొడుగు – దీని విషయం. ఇది దేనిని బాగా చెప్పినదో, దేనిని చెప్పక విడిచినదో విచారించడం అవసరం.

ముందుగా ఈ శాస్త్రం మూలసూత్రాన్ని గుర్తు చేసుకొందాం. యంత్రాల సాయం లేకుండా, ఎండను నీడను గాలిని ఉపయోగించుకొని ఇంటిని సుఖంగా ఉంచడమే ఆ సూత్రం. ఇది కొత్తది కాదు. దక్షిణముఖంగా ఉన్న ఇంటి వసారాలోకి చలికాలపు ఎండ వచ్చునని, వేసవి సూర్యుడు నడినెత్తిన నడచి నీడ నిచ్చునని సోక్రటీసు చెప్పినట్లు ఆయన శిష్యుడు జెనొఫన్ వ్రాసినాడు. సోక్రటీసు నివసించిన ఏథెన్సు నగరం 38 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అక్కడ డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి సుమారు 28 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. జూన్ 21న 75 డిగ్రీలకు చేరుతాడు. కనుక చలిదేశాల నిర్మాతలు దక్షిణపు గోడనంతా గాజుతో నింపి, లోపల దళసరి నేలలో, గోడలలో ఆ వేడిని దాచుకొంటారు. వారికి అది యుక్తమే.

హైదరాబాదు 17 డిగ్రీల 23 నిమిషాల అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ డిసెంబరులో సైతం మధ్యాహ్న సూర్యుని ఎత్తు 49 డిగ్రీలు. జూన్‌లో సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి ఆరు డిగ్రీలు ఒరుగుతాడు. ఎండను పోగుచేసుకోవడం మన సమస్య కాదు. దానిని గుమ్మం బయట నిలిపివేయడం మన సమస్య. సూత్రం ఒకటే అయినా సమాధానం తలక్రిందులైనది. చలిదేశపు పుస్తకంలోని బొమ్మను చూసి కర్నూలులోనో కరీంనగరులోనో గాజు గోడ కట్టినవాడు సౌరగృహం కాక సౌరకుంపటి కట్టుకొన్నట్లు.

సంహితలోని మొదటి గుణం ఈ భేదాన్ని గుర్తించడమే. దేశాన్ని శీతోష్ణస్థితిని బట్టి ఐదు మండలాలుగా విభజించి, చలి మండలానికి ఒక నియమం, తక్కిన నాలుగింటికి వేరొక నియమం పెట్టినది. ఈ నాలుగు మండలాలలోను, పైకప్పును మినహాయించి, గోడల ద్వారా కిటికీల ద్వారా ఇంటిలోకి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లకు మించరాదన్నది. గోడలు కొనితెచ్చే వేడి, గాజు గుండా ప్రసరించే వేడి, గాజు గుండా నేరుగా దూరే ఎండ – ఈ మూడింటిని కూడి లెక్క కట్టే పద్ధతి చూపినది. కూడికలు గుణకారాలు వచ్చినవారెవరైనా ఈ లెక్క చేయవచ్చును.

రెండవ గుణం గాలి విషయం. తెరచుకొనే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో ఇంత ఉండాలని సంహిత నిర్ణయించినది. మిశ్రమ మండలంలోని హైదరాబాదుకు ఇది 12.5 శాతం, తేమతో కూడిన ఉష్ణ మండలంలోని విశాఖపట్నానికి 16.66 శాతం. అనగా నూరు చదరపు మీటర్ల ఇంటికి హైదరాబాదులో పన్నెండున్నర చదరపు మీటర్లు, విశాఖలో పదహారుకు పైగా తెరపి కావాలి. ఉక్కపోసే సముద్రతీరంలో చెమట ఆరడానికి గాలి కదలాలన్న సంగతి మన పెద్దలకు తెలిసినదే. దానిని అంకెలో పెట్టడం శాస్త్రం చేసిన మేలు.

మూడవది దిక్కుల విచారణ. మన అక్షాంశాలలో ఉత్తరపు గోడకు సుమారు 0.66, దక్షిణపు గోడకు 0.97, తూర్పు పడమర గోడలకు 1.16 చొప్పున సంహిత గుణకాలు ఇచ్చినది. దక్షిణం కంటె తూర్పు పడమరలే మనకు ఎక్కువ వేడి తెచ్చునని దీని అర్థం. ఇందులోని నిజాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. హైదరాబాదులో నాలుగడుగుల, అనగా 120 సెంటీమీటర్ల, ఎత్తుగల దక్షిణపు కిటికీ పైన 45 సెంటీమీటర్ల సజ్జా ఉన్నదనుకొందాం. మార్చి 21న మధ్యాహ్నం సూర్యుని ఎత్తు 72 డిగ్రీలకు పైబడి ఉంటుంది గనుక సజ్జా నీడ 140 సెంటీమీటర్లు దిగుతుంది. కిటికీ అంతా నీడలో ఉంటుంది. డిసెంబరులో ఆ నీడ 52 సెంటీమీటర్లే. క్రింది సగానికి పైగా ఎండ వచ్చి చలిని పోగొడుతుంది. అదే సజ్జాను పడమటి కిటికీపై పెట్టి చూడండి. మే నెలలో సాయంకాలం సూర్యుడు 33 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నీడ 30 సెంటీమీటర్లకు మించదు. తక్కిన మూడడుగులు ఎండ పాలే. అందుకే పడమటికి సజ్జా చాలదు. వెదురు తడికెలో, నిలువు పలకలో, చెట్టో కావాలి.

ఇంతవరకు సంహితను మెచ్చుకోవలసిందే. ఇక లోపాలు. వీటిలో మొదటిది కాలానికి సంబంధించినది. ఎంత వేడి దాటునో సంహిత చెప్పుతున్నది. ఎప్పుడు దాటునో చెప్పడం లేదు. గోడను అది 'యు విలువ' అనే ఒక్క అంకెతో తూచుతుంది. గోడకు ఇరువైపుల ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటునో ఆ అంకె తెలుపుతుంది. ఎండ నిలకడగా ఉంటే ఇది చాలు. కాని ఎండ కెరటం వంటిది. పగలు లేచి రాత్రి పడిపోతుంది. పదిహేను సెంటీమీటర్ల కాంక్రీటు గుండా ఆ కెరటం మూడు నాలుగు గంటలలో దాటి వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుకగోడ దానిని ఏడు గంటల వరకు ఆపుతుంది. తెలంగాణ, రాయలసీమ గ్రామాలలోని పాత మిద్దె ఇండ్లలో మూర మందం గల మట్టిగోడను దాటడానికి పన్నెండు గంటలకు తక్కువ పట్టదు. దాటేసరికి ఆ వేడి బహు స్వల్పంగా మిగులుతుంది. నడిరాత్రి దాటి వచ్చే ఆ కొద్ది వేడిని తెరచిన కిటికీలు బయటికి తరిమివేస్తాయి. తేలికైన ఆధునిక సిమెంటు దిమ్మెల గోడకు యు విలువ తక్కువ కనుక సంహిత దృష్టిలో అదే మేలు. మట్టిగోడ కాలాన్ని జాప్యం చేసే శక్తికి మాత్రం ఈ పద్దులో జమ లేదు. తూర్పు పడమరలకు ఇంచుమించు ఒకే గుణకం ఇవ్వడంలోను ఇదే లోపం. రెండు గోడలపై పడే ఎండ సమానమే. కాని తూర్పు ఎండ చల్లబడిన ఇంటిపై పడుతుంది; పడమటి ఎండ అప్పటికే కాగిన ఇంటిపై పడుతుంది.

రెండవ లోపం పైకప్పు విషయంలో ఉన్నది. పైకప్పు యు విలువ 1.2కు మించరాదన్నది నియమం. పదిహేను సెంటీమీటర్ల వట్టి స్లాబుకు ఇది 3.3 ప్రాంతాన ఉంటుంది. నూరు చదరపు మీటర్ల స్లాబు ఉపరితలం 60 డిగ్రీలకు కాగి, లోపల 35 డిగ్రీలు ఉన్నవనుకొంటే, స్థూలంగా ఎనిమిది కిలోవాట్ల వేడి లోపలికి దిగుతుంది. ఒక టన్ను ఎయిర్ కండిషనరు తోడివేయగల వేడి మూడున్నర కిలోవాట్లే. అనగా రెండు టన్నుల యంత్రం కూడ చాలదు! నియమం ప్రకారం స్లాబుపై రెండు సెంటీమీటర్ల నురుగు పలక పరచి యు విలువను 1.2కు దించితే ఎనిమిది మూడుకు తగ్గుతుంది. మంచిదే. కాని వేరొక మార్గం కూడ ఉన్నది. పలక పరచకుండ స్లాబుకు తెల్లని పూత పూసి, ఉపరితలాన్ని 60 నుండి 45 డిగ్రీలకు దించగలిగినామనుకోండి. అప్పుడు దిగే వేడి మూడు కిలోవాట్ల పైచిలుకు. ఫలితం దాదాపు ఒకటే. అయితే యు విలువకు రంగు తెలియదు. నల్లని స్లాబుకు తెల్లని స్లాబుకు అది ఒకే అంకె. సున్నంతోనో తెల్లపూతతోనో వేడిని తగ్గించుకొన్న గృహస్థు ఈ నియమం దృష్టిలో ఏమీ చేయనివాడే. పూత దుమ్ముపట్టి మాసిపోవునని, మరల మరల వేయవలసి వచ్చునని ఆక్షేపించవచ్చును. నిజమే. అది లెక్కలో కొంత తగ్గించడానికి కారణం. పూర్తిగా విడిచిపెట్టడానికి కాదు.

మూడవ లోపం అన్నిటికంటె పెద్దది. ఈ మొదటి భాగం తన పరిధిగా పెట్టుకొన్నది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలలోని నిర్మాణాలను. అది మన లెక్కలో సుమారు 600 చదరపు గజాలు. పట్టణంలో గుమాస్తా, ఉపాధ్యాయుడు, చిన్న వ్యాపారి జీవితకాలపు పొదుపుతో కొనే స్థలం నూట యాభై గజాలు, మహా అయితే రెండు వందల గజాలు. కుటుంబం కొరకు ఒక కుటుంబమే కట్టుకొనే ఇల్లు ఈ గీతకు బయటనే నిలిచిపోయినది. ఈ హద్దును తగ్గించుకొనే అధికారం రాష్ట్రాలకు, పురపాలక సంఘాలకు ఉన్న మాట వాస్తవం. కాని తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కూడ ఇటువంటి గీతనే గీసినది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలోని ఇండ్లకు నిర్బంధం; అంతకు లోపు ఇష్టాధీనం. రంగు విషయంలో సంహిత విడిచిన దానిని ఈ విధానం పట్టుకొన్నందుకు సంతోషించాలి. చిన్న ఇంటిని ఇదీ వెలుపలనే ఉంచినందుకు విచారించాలి.

చిన్న ఇండ్లపై నిర్బంధం పెడితే పేదవానికి భారమనే వాదం ఉన్నది. దానిలో న్యాయం లేకపోలేదు. అయితే వేడి భారం ఎవరిపై పడుతున్నదో కూడ చూడాలి. పెద్ద భవనంలో ఒక అంతస్తుపై మరొక అంతస్తు ఉంటుంది. ఎండ నెత్తిన పడేది చివరి అంతస్తుకే. ఒంటి అంతస్తు ఇంటికి ప్రతి గదీ చివరి అంతస్తే. స్లాబు రాత్రి పదిగంటలకు కూడ వేడిని వదలుతుంటే ఆ ఇంటిలోని పసిపిల్లలు, వృద్ధులు నిద్రలేక బాధపడతారు. యంత్రం కొనలేనివారికి ఇల్లే యంత్రం కావాలి. కనుక పెద్ద భవనాలకు లెక్కల నియమావళి ఎంత అవసరమో, చిన్న ఇంటికి లెక్క అక్కరలేని ఒక పుట అంత అవసరం.

ఆ పుటలో ఉండవలసినవి కొద్ది. పైకప్పును తెల్లగా ఉంచడం, వీలైతే దానిపై నీడ కల్పించడం. పడమటి గోడలో కిటికీలు తగ్గించి, మెట్లు, స్నానాలగది, సామాను గది అటువైపు పెట్టడం. దక్షిణపు కిటికీలకు తగిన సజ్జా. ఎదురెదురు గోడలలో తెరపులు. ఉక్కపోత లేని పొడి ప్రాంతాలలో దళసరి గోడలు, రాత్రి గాలికి తెరచి పగలు మూసే అలవాటు. ఇవన్నీ గజాలలో, అడుగులలో, మేస్త్రీ చదువుకొనే తెలుగులో ఉండాలి. ప్లాను మంజూరు కాగితంతోపాటు ఇంటి యజమాని చేతికి అందాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఒక కాగితం అచ్చు వేయిస్తే చాలు.

సంహిత మంచి ఆరంభం. వేడిని కొలవవచ్చునని, కొలిచినదానిని తగ్గించవచ్చునని అది చూపినది. ఆ కొలబద్దను రెండు వందల గజాల స్థలం దాకా తెచ్చే పని పురపాలక సంఘాలది. అంతవరకు సున్నపు బకెట్టును మేడ మీదికి ఎక్కించే పని గృహస్థుది.