సీసాలో మొలిచే చెరకు

రైతు చెరకును నాటేది గింజతో కాదు, కన్నున్న ముచ్చెతో. ఎకరాకు మూడు నాలుగు టన్నుల ముచ్చెలు పడతాయి. వాటితోపాటే గడ్డిదుబ్బు, మొజాయిక్ తెగుళ్లూ కొత్త పొలానికి చేరతాయి. ఈ చిక్కు తీర్చే నేర్పు టిష్యూ కల్చర్.

వైరస్ అంత తేలిగ్గా చేరని చోటు చిగురు కొన. మొవ్వు పొరలు ఒక్కొక్కటే ఒలిచి, మంటలో కాల్చి చల్లార్చిన కత్తితో, బియ్యపు గింజకన్నా చిన్నదైన ఆ కొనను కోసి పోషక ద్రావణంలో పెడతారు. ట్యూబులైట్ల కింద, సుమారు 25 డిగ్రీల వద్ద అది పిలకలు వేస్తుంది. కొన్ని వారాలకోసారి వాటిని విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తారు. బూజు మచ్చ ఒక్కటి కనిపించినా ఆ సీసా పనికిరాదు. వేళ్లు పోసుకున్న మొక్కలను నీడవలల కింద ట్రేలలో రాటుదేలుస్తారు.

కోయంబత్తూరు, అనకాపల్లి పరిశోధన కేంద్రాల్లో పుట్టిన మేలురకాలు త్వరగా, ఆరోగ్యంగా రైతును చేరడానికి ఈ ఓపికగల చేతులే దగ్గరి దారి.