బోరు నీళ్ళు తాగిన రేడియేటర్

వ్యాను హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే మన దగ్గర మొదట పీకేసేది థర్మోస్టాట్‌ని. ‘మన ఎండలకి ఇదెందుకు సార్, చలి దేశాల వాళ్ళకి కావాలి గానీ’ అంటారు. ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు ఓ మూల పగిలితే దాన్నీ విప్పి పక్కన పడేస్తారు. రేడియేటర్ మూత పాడైతే ఏ బండిదో ఒక మూత వెతికి బిగిస్తారు. ఆఖరున బోరు నీళ్ళు నింపి పంపిస్తారు. ఇవన్నీ అయ్యాక దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా బండి పొగలు కక్కి ఆగిపోతే, తప్పంతా రేడియేటర్ నెత్తిన పడుతుంది. పాపం, అది అప్పటికి ఎంతకాలంగా ఒంటరిగా బండిని లాక్కొస్తోందో ఎవరూ చూడరు.

ఈమధ్య మా బావగారి టెంపో ట్రావెలర్‌కి రేడియేటర్ మార్పించాం. బండి పాతదే. పెళ్ళివారికీ, శ్రీశైలం, తిరుమల యాత్రలకీ తిరుగుతుంది. ఇలాంటి పనులు దగ్గరుండి చూడటం, వీలైతే స్పానరు పట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. పైగా ఆ ఇంజన్ అంటే గౌరవం. ట్రావెలర్ 1987లో మన రోడ్ల మీదికి వచ్చింది. అప్పట్లో బజాజ్ టెంపోగా ఉన్న నేటి ఫోర్స్ మోటార్స్ దాన్ని మెర్సిడెస్ వ్యాను నమూనా మీద తయారుచేసింది. పాత బళ్ళలోని 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్‌ది కూడా మెర్సిడెస్ వంశమే.

ఆ వంశానికీ రేడియేటర్‌కీ దగ్గరి చుట్టరికం ఉంది. 1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో నీళ్ళు మరిగి ఆవిరైపోతూ ఇంజన్ని చల్లబరిచేవి. అయిపోతే మళ్ళీ పోసుకోవాలి. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ రకం బండిలోనే పుట్టింటికి వెళ్తూ, దారిలో నీళ్ళు దొరికిన చోటల్లా ఆపి నింపుకోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత డైమ్లర్ కంపెనీలో విల్హెల్మ్ మేబాహ్ 8,070 సన్నటి గొట్టాలు పేర్చి తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. దాంతో కొద్ది నీళ్ళే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ పెద్ద ఇంజన్ని కాయడం సాధ్యమైంది. ఇవాళ్టి వ్యానులో పనిచేస్తున్నదీ అదే సూత్రం. వేడి నీళ్ళు సన్నని దారుల్లో చీలిపోవాలి, ఆ దారుల మధ్య గాలి ఆడాలి. రెంటిలో ఏది మూసుకుపోయినా పని ఆగిపోతుంది.

మా బండిలో రెండూ మూసుకుపోయాయి. రేడియేటర్ పని చేసే భాయ్ పైట్యాంకు సాల్డరు కరిగించి విప్పి, ‘చూడండి సార్’ అని వెలుతురులోకి తిప్పాడు. వరసగా ఉన్న ట్యూబుల నోళ్ళ చుట్టూ తెల్లటి పెచ్చు. గోటితో గీకితే రాలేదు. సన్నటి ఇనుప పట్టీ దూర్చితే కొన్ని ట్యూబుల్లో వేలెడంత దిగి ఆగిపోయింది. బయటి వైపు ఫిన్నుల నిండా ఎండిన పురుగులు, వాటి మీద ఆయిలు కలిసిన దుమ్ము. ఆ తెల్ల పెచ్చు ఎక్కడిదో మన ప్రకాశం, నల్గొండ, అనంతపురం జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. గీజరు కాయిల్ మీద పేరుకునేది అదే. బోరు నీళ్ళలోని కాల్షియం వేడి తగలగానే లోహానికి అతుక్కుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. ప్రతిసారీ కొత్త నీళ్ళు పోస్తే ప్రతిసారీ కొత్త సున్నం పోసినట్టే లెక్క.

రాడ్ కొట్టి శుభ్రం చేయొచ్చు గానీ ట్యూబులు అప్పటికే పలచబడ్డాయి. కొత్తదే వేద్దామన్నాం. ఇత్తడి ట్యాంకుల రాగి రేడియేటరా, ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియందా? అల్యూమినియంది తేలిక, వేడిని బాగానే వదులుతుంది. కానీ ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఊళ్ళో అతికేవాడు దొరకడు. రాగిదైతే ఏ జిల్లా కేంద్రంలోనైనా సాల్డరు పెట్టే చెయ్యి ఇంకా ఉంది. యాత్రల బండికి నేను రాగికే ఓటేస్తాను. పాతది తూకానికి తీసుకుని ఆ మేరకు తగ్గించారు కూడా.

అయితే డబ్బు పెట్టేముందు ఒకటి చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్ళను గమనించాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. అదే పోయి ఉంటే కొత్త రేడియేటర్ ఏం చేయగలదు?

ఇక మిగతావి. హోస్ పైపులు రెండూ మార్చేశాం. పైది చేత్తో నొక్కితే లోపల చిటపటమంది, అంటే పొరలు విడిపోతున్నాయి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు పోతే ఆ సంగతి మనకి తెలియాలనే పెట్టారు దాన్ని. మా పంపుకి ఎవరో ఎప్పుడో ఆ రంధ్రం లప్పంతో మూసేశారు. కారడం కనపడకుండా పోయింది గానీ నీళ్ళు బేరింగులోకి దారి చేసుకున్నాయి. పుల్లీ పట్టుకుని ఊపితే కటకటలాడింది. పంపు, బెల్టు రెండూ కొత్తవి వేశాం.

థర్మోస్టాట్ దగ్గర మేస్త్రికీ నాకూ కాసేపు వాదన జరిగింది. ‘తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి కదన్నా’ అన్నాడు. ఆయన అనుభవాన్ని నేను కాదనలేదు, కొత్త థర్మోస్టాట్‌ని పక్కనున్న టీ కొట్టుకి తీసుకెళ్ళి గిన్నెలో నీళ్ళు పోయించి, దారం కట్టి వేలాడదీశాను. అంచు మీద 80 అని అచ్చేసి ఉంది. నీళ్ళు కాగుతున్నకొద్దీ లోపలి మైనం ఉబ్బి, పై పళ్ళెం మెల్లగా తెరుచుకుంది. అదే సమయంలో కింద ఉన్న రెండో పళ్ళెం కిందికి దిగింది. నేను చూపించాలనుకున్నది ఆ కింది పళ్ళేన్నే. ఈ ఇంజన్లో నీళ్ళకి రెండు దారులున్నాయి. ఒకటి రేడియేటర్‌కి, రెండోది రేడియేటర్‌ని తప్పించుకుని నేరుగా పంపుకి పోయే అడ్డదారి. ఇంజన్ వేడెక్కాక ఆ అడ్డదారిని మూసేది ఆ కింది పళ్ళెమే. థర్మోస్టాట్ పీకేస్తే అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. మరిగిన నీళ్ళలో కొంత భాగం చల్లబడకుండానే మళ్ళీ ఇంజన్లోకి పోతుంది. మామూలు రోడ్డు మీద ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఘాట్‌లో మాత్రం హద్దు దాటుతుంది. మేస్త్రి గిన్నెలోకి వంగి రెండుసార్లు చూశాడు. తర్వాత తనే బిగించాడు, గాలి పోయే చిన్న చిల్లు పైకి వచ్చేలా సరిగ్గా తిప్పి మరీ.

ఫ్యాన్ కవరు కోసం పాత సామాన్ల కొట్లు తిరగాల్సి వచ్చింది. హైవే మీద బండి వేగానికి గాలి దానంతటదే వస్తుంది. ఘాట్‌లో రెండో గేరులో పాకుతున్నప్పుడు ఫ్యానే దిక్కు. కవరు లేకపోతే ఫ్యాన్ అంచుల పక్కనుంచి ఇంజన్ దగ్గరి వేడి గాలినే తిప్పి తిప్పి లాగుతుంది తప్ప, రేడియేటర్ గుండా బయటి గాలిని పూర్తిగా లాగలేదు. ఎక్కడ అవసరమో అక్కడే చేతులెత్తేస్తుందన్నమాట. మూత సంగతీ అంతే. లోపల ఒత్తిడి నిలిపి ఉంచితేనే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి. 0.9 బార్ మూత సరిగా పనిచేస్తే ఆ హద్దు దాదాపు 120 దాకా పోతుంది. ఆ ఒత్తిడి వల్లే వేడి మీద మూత తిప్పినవాళ్ళ చేతులు, ముఖాలు కాలతాయి. ఎంత తొందరున్నా ఇంజన్ చల్లారేదాకా దాని మీద చెయ్యి వేయకూడదు. మరిగిపోయిన ఇంజన్లో ఒక్కసారిగా చన్నీళ్ళు గుమ్మరించడం కూడా హెడ్ పగిలే పనే.

నింపేటప్పుడు బోరు నీళ్ళ జోలికి పోలేదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, అందులో కూలెంట్. గడ్డకట్టకుండా ఆపే మందు మనకెందుకని చాలామంది అడుగుతారు. లంబసింగి చలికి కూడా రేడియేటర్ గడ్డకట్టదు, నిజమే. మనకి కావలసింది అందులోని తుప్పు పట్టనివ్వని గుణం. మూత తీసి ఉంచి, నెమ్మదిగా పోస్తూ, ఇంజన్ నడిపిస్తూ పై హోసును పిసుకుతూ ఉంటే గాలి బుడబుడమంటూ బయటికొచ్చింది. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారిగా దిగింది. మళ్ళీ నింపాం. తొందరపడి అంతకుముందే మూత బిగిస్తే లోపల గాలి ఇరుక్కుని, కొత్త సామానంతా ఉండి కూడా బండి మరుగుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. షెడ్ల ముందు పారబోస్తే కుక్కలు నాకి చచ్చిపోతాయి. పని అయ్యాక ఒలికిందంతా రంపపు పొట్టు చల్లి ఎత్తించాం. దారిలో మట్టం తగ్గితే డ్రైవరు ఏ చేతిపంపు దగ్గరో ఆపకుండా, కలిపి సిద్ధం చేసిన కూలెంట్ అయిదు లీటర్ల డబ్బా సీటు కింద పెట్టించాం. యాత్రల బండి, ఎండలో పిల్లలు ఏ డబ్బా కనిపిస్తే అది ఎత్తుతారు. అందుకని దాని మీద ఎర్ర పెయింటుతో, పెద్ద అక్షరాల్లో ‘తాగే నీళ్ళు కావు’ అని రాయించి, మూతకి తీగ చుట్టించాం.