కొత్త గొంతు, పాత వంత

అమెరికా దేశపు అపలేచియన్ కొండపల్లెల పాటలనుండి ఎదిగివచ్చిన బ్లూగ్రాస్ సంగీతమునకును, దోహా నగరమున శుక్రవారము సాయంకాలము కొందరు తెలుగువారు ఒక మిత్రుని యింట కూడి చేసికొను భజనకును సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. అయినను ముందు పాడువాడొకడు, అందుకొనువారు పలువురు అయిన చోటనెల్ల చిక్కు ఒక్కటే గనుకను, ఆ ముందు పాడువాడు మారిన దినమున అది ఎల్లచోట్ల ఒకే తీరున బయటపడును గనుకను, ఈ వారము ఆ రెంటిని ఒక పంక్తిని కూర్చుండబెట్టుటకు సాహసించుచున్నాను.

మౌంటెన్ హార్ట్ అను బ్లూగ్రాస్ బృందము 2007లో ‘రోడ్ దట్ నెవర్ ఎండ్స్’ అను ఆల్బమును వెలువరించెను. అంతకు పూర్వము ఆ బృందమున ముఖ్యగాయకుడుగా నుండిన స్టీవ్ గల్లీ వెడలిపోగా, జాష్ షిల్లింగ్ అను యువకుడు ఆ స్థానమునకు వచ్చియుండెను. కొత్తవానిని లోకమునకు చూపవలసి వచ్చినపుడు సాధారణముగా ఏమి చేయుదురు? స్టూడియోలో నిలువబెట్టి, తడబడిన చరణమును మరల మరల పాడించి, నునుపు తేలిన గొంతును మాత్రమే బయటికి పంపుదురు. వీరట్లు చేయక, శ్రోతల యెదుట పాడిన కచ్చేరినే రికార్డుచేసి విడుదల చేసిరి. దీనిని ధైర్యమని మెచ్చుకొనువారుందురు గాని నాకిది ధైర్యముకంటె వివేకముగా తోచుచున్నది. ఏలయన, స్టూడియోలో మనకు దొరకునది కంఠమొక్కటియే. ఆ కంఠమునకు తక్కినవారు ఎట్లు బదులు పలుకుచున్నారో, ఎచ్చట నిస్సంశయముగా అందుకొనుచున్నారో, ఎచ్చట రెప్పపాటు కాలము వెనుకాడుచున్నారో తెలియవలెనన్న, సభలో పట్టిన రికార్డునే వినవలెను.

ఈ సంగీతమునకు మూలపురుషుడనదగిన బిల్ మన్రో కెంటకీ రాష్ట్రమువాడు. 1939లో ఆయన బ్లూ గ్రాస్ బాయ్స్ అను తన బృందముతో గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక నెక్కెను. నాటినుండి బృందము నిలిచెనే గాని అందలి మనుష్యులు నిలువలేదు. 1945లో వచ్చిన లెస్టర్ ఫ్లాట్ 1948లో వెడలెను. పిమ్మట మాక్ వైజ్‌మన్, జిమ్మీ మార్టిన్, 1963లో డెల్ మెక్కూరీ, ఇట్లు గాయకులు ఒకరి వెనుక నొకరు వచ్చిరి, పోయిరి. పలువురు కలిసి పాడు పట్టున మన్రో ప్రధానస్వరమునకు పైన టెనర్ పాడెడివాడు. కావున క్రింద పాడువాడు మారినపుడెల్ల పైనున్న యజమానియే తన చోటును సరిచూచుకొనవలసి వచ్చెడిది. ఇదే సంగీతమున పేరుపొందిన స్టాన్లీ సోదరులలో అన్నయగు కార్టర్ 1966లో మరణింపగా, అన్న పాటకు పైస్వరము పాడుటకే అలవడిన తమ్ముడు రాల్ఫ్, లారీ స్పార్క్స్‌ను, అటుపిమ్మట రాయ్ లీ సెంటర్స్‌ను ముందు నిలిపి, తాను పూర్వస్థానమునే కోరుకొనెను. పేరుగల మనిషి తానై యుండియు రెండవ గొంతుగా నిలువగోరుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

గాయకుడు మారినచో మొదట మారునది శ్రుతి. గిటారు మెడకు బిగించు కేపో అను చిన్న సాధనము ఒక మెట్టు ముందుకో వెనుకకో జరిగిన చాలును, ఆ వాద్యగాని పని తీరును; బాంజోవానికిని ఇంచుమించు అంతే. కాని ఫిడేలువానికి, మాండలిన్‌వానికి ఆ సదుపాయము లేదు. ఏండ్ల తరబడి ఒక శ్రుతిలో వేళ్లకు పట్టుబడిన సంచారమును వారు వేరొక శ్రుతిలో మరల నేర్వవలెను. సభలోని శ్రోత కొత్త గాయకుని ముఖమునే చూచుచుండును; ప్రక్కనున్న ఫిడేలువాని వేళ్లను చూచువారరుదు.

ముందు పాడువాడును అందుకొనువారును కూడిన పాట మేమున్న ఖతర్ దేశమునకును కొత్తది కాదు. 1949లో చమురు ఎగుమతి మొదలగుటకు పూర్వము ఈ తీరమువారి జీవనాధారము ముత్యములు. మనవారు హైదరాబాదు పత్తర్‌గట్టీ దుకాణములలో బస్రా ముత్యములని అపురూపముగా అడిగి కొనునవి బస్రాలో పుట్టినవి కావు. ఆ రేవున చేతులు మారి వచ్చిన ఈ సముద్రపు సరకే. వేసవిలో నాలుగు మాసములు నావలు సముద్రముననే యుండెడివి. నావకు అధిపతి నొఖదా, మునుగువాడు ఘవాస్, త్రాడు పట్టి వానిని పైకి లాగువాడు సైబ్, వీరందరితోపాటు పాట పాడుటయే ముఖ్యవృత్తిగా గల నహ్హాము ఒకడు. తెరచాప నెత్తుటకొక పాట, తెడ్లు వేయుటకొక పాట, లంగరుమోకు లాగుటకొక పాట. వీని నెరిగిన నహ్హామునకు నొఖదాలయొద్ద గిరాకి యుండెడిది.

నహ్హాము గొంతు ఆకాశమునంటునట్లు పైకెగయుచుండగా, నావికులు దానిని అనుకరింపరు. రెండు స్థాయిలు క్రిందకు దిగి, పాటయనుటకును మూలుగనుటకును నడుమనున్న ఒక గంభీరనాదమును పట్టుకొని యుందురు. దోహాలోని కతారా సాంస్కృతికగ్రామమున 2011 నుండి జరుగుచున్న సంప్రదాయ నౌకోత్సవములో ఈ పాటలను నేను వింటిని. వరుసగా కూర్చున్నవారిలో ఒకడు జహ్లా అను మట్టికుండ నోటిని ఒక అరచేత మూయుచు తెరచుచు, రెండవచేత దాని ప్రక్కను చరచుచుండెను. అది మన ఘటముకంటె మందమైన ధ్వని, వినుటకంటె ముందు రొమ్మునకు తగులును. నహ్హాము ఒక్క వాక్యమును సాగదీసి విడిచినంతనే క్రిందినుండి ఆ నాదము లేచెను. ఎవరును ఎవరికిని సైగ చేయలేదు. పెంపకపు ముత్యములును 1929 నాటి ఆర్థికమాంద్యమును కలిసి ఆ వృత్తిని కూల్చినను, ఒడ్డునకు చేరినవారు ఈ పాటలను విడువలేదు. డేనిష్ సంగీతజ్ఞుడు పౌల్ రోవ్‌సింగ్ ఓల్సెన్ ఈ తీరములకు వచ్చి వీనిని రికార్డు చేసెను. ఇట్టిదే యైన బహ్రెయిన్‌వారి ముత్యపునావల పాటకు, ఫిజిరీకి, 2021లో యునెస్కో గుర్తింపు లభించెను. లాగవలసిన మోకు లేకున్నను, మోకు లాగునప్పటి ఊపిరి ఆ పాటలలో మిగిలియున్నది.

ఇక మా భజనకు వచ్చెదను. గల్ఫు దేశములలో ఏ గోష్ఠికిని శాశ్వతగాయకుడు ఉండడు. నివాసము ఉద్యోగమునకు ముడివడినది, ఉద్యోగము కాగితమునకు ముడివడినది. మాకు చిరకాలము ముందుపాట పాడిన మాష్టారు కోనసీమవారు, ఒక కంపెనీలో లెక్కలు చూచెడివారు. పదవీవిరమణ కాగానే అమలాపురము వెడలిపోయిరి. ఆయన ఒకటి శ్రుతిలో నెమ్మదిగా పాడెడివారు. పాదము చివర అక్షరమును పట్టి యుంచి, మా వైపు కన్నులెత్తి చూచి, ఇక మీవంతు అన్నట్లు విడిచెడివారు. తాళములు పట్టుకొని వంత పాడుట నా పని; ఆ చూపునకు నేనెంత అలవడితినో ఆయన వెళ్లినదాక నాకు తెలియదు. బుర్రకథలో షేక్ నాజర్ పేరు తెలుగునాట తెలియనివారు లేరు గాని, ఆయనకు ఇరుప్రక్కల డక్కీలు పట్టి నిలిచిన వంతల పేర్లు చెప్పగలవారు ఎందరు? పేరు లేకపోవుట యందు ఒక సుఖము కలదు: తప్పు పోయినను ఎవరిదో తెలియదు.

మాష్టారి చోటికి వచ్చిన యువకుడు జగిత్యాల వైపువాడు, ఎలక్ట్రీషియన్. మనవారు సనాయా అని పిలుచుకొను ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంపులో నివాసము. ఊరిలో చిరుతల రామాయణము ఆడినవాడు. తొలి దినమున హార్మోనియము మెట్లు తడవుకొనుచున్న మిత్రుని ఆపి, నాలుగున్నర శ్రుతి పెట్టుమనెను. మేము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. అతడు పాదమును చివరవరకు సాగదీయడు. కత్తిరించినట్లు ఆపి, ఆ ఖాళీలో చిరుతలు మ్రోగించును. మేము అలవాటు చొప్పున సాగదీత కొరకు ఎదురుచూచుచుండగా, అర్ధతాళము జారిపోయి, అటుపిమ్మట అందరము ఒక్కమారుగా తొట్రుపడుచు అందుకొనెడివారము. పాట ముగిసినపిదప హార్మోనియము మిత్రుడు, “కొంచెం ఆగి వదులు తమ్ముడూ, మాకు టైము దొరకాలి గదా” అనెను. దానికతడు నవ్వి, “నేనాగితే పాట సల్లవడతదన్నా. మీరే జల్ది అందుకోరి” అనెను.

శ్రుతి సంగతి అంతకంటె కష్టమైనది. అతని స్థాయికి పురుషులము ఎవ్వరము చేరలేము. ప్రయత్నించిన వారికి దగ్గు మాత్రమే దక్కెను. కొంతసేపటికి, ఎవరి యాలోచనయో చెప్పలేను గాని, మేమొక స్థాయి క్రిందికి దిగితిమి. దిగగానే గొంతులు కుదుటపడెను. అతని గొంతు పైన, మా గొంతులు అడుగున. కతారాలో విన్న ఆ యేర్పాటే, సంకల్పము లేకయే, మా నడుమ ఏర్పడినది. తాళములు వాయించుచునే నేను ఆ పోలికను గ్రహించితిని గాని, భజన మధ్యమున ముత్యపునావలను గూర్చి ఉపన్యసించుట ఉచితము కాదని ఊరకుంటిని.

ఆ సాయంకాలమంతయు ఒక మిత్రుడు ఫోనులో రికార్డు చేసెను. మాష్టారికి పంపవలెనన్నది అందరి కోరిక. అయితే మొదటి పాటలు తీసివేసి, చివరి రెంటిని మాత్రమే పంపుదమని ఒకరనిరి. కొత్తవాని పరువు కాపాడవలెనని వారి సదుద్దేశము. నేను అంగీకరింపలేదు. చివరి పాటలు మాత్రమే విన్నచో అతడు బాగుగా పాడుననియే తెలియును; మొదటినుండి విన్నచో మేమెట్లు దారికి వచ్చితిమో తెలియును, మాష్టారికి కావలసినది అదియే యని నా వాదము. చర్చ కొంత సాగి, చివరకు ఉన్నది ఉన్నట్లు పంపబడెను.

మాష్టారు ఫోను చేసిరి. “కుర్రాడికేవండి, దివ్యంగా పాడుతున్నాడండి. మీరే ఇంకా నాకోసం ఎదురుచూస్తున్నారు” అని మొదలుపెట్టి, ఏ పాటలో ఎన్నవ పాదమున వంత జారినదో వరుసగా చెప్పుకొని వచ్చిరి. అందులో నా తాళముల వంతు చిన్నది కాదు. డోలకు వాయించువానిని మాత్రము మెచ్చుకొనిరి. వాడు మాష్టారి కాలమునందును ఎవ్వరి చూపును లక్ష్యపెట్టనివాడు, అదియే ఇప్పుడు అక్కరకు వచ్చినది.

ఆ పిమ్మట ఆయన అడిగిన ప్రశ్నకు మేమెవ్వరమును సిద్ధముగా లేము. “నాలుగో పాట నుంచీ ఓ ఆడగొంతు వినిపిస్తోందండి, ఎవరండి ఆవిడ?” ఆమె మా హార్మోనియము మిత్రుని భార్య, మొదటినుండి ప్రతి శుక్రవారము వచ్చి, ప్రసాదము సిద్ధము చేసి, వెనుక వరుసలో కూర్చున్నావిడయే. స్త్రీలకు ఒకటి శ్రుతి ఇరుకైనది. క్రింద పాడిన వినబడదు, పైన పాడుటకు అందదు. అందుచేత మాష్టారి కాలమున ఆమె పెదవులు కదలుటయే గాని గొంతు వెలువడలేదు. నాలుగున్నర ఆమెకు సరిగా అమరినది. రికార్డు మరల పెట్టుకొని వింటిమి: మేము అర్ధతాళము జారిన ప్రతిచోటను, యువకుడు విడిచిన పాదమును వేళకు అందుకొన్న గొంతు ఆమెది.

వచ్చు శుక్రవారము యువకునకు రాత్రి డ్యూటీ పడినది, సెలవు దొరకదట. ముందుపాట ఆమె పాడవలెనని నిశ్చయమైనది. “అయిదు శ్రుతి పెట్టండి” అని ఆమె అప్పుడే భర్తతో చెప్పియున్నది.