హీరోగారి మర్యాద

ఇంగ్లీషులో ‘గాలంట్రీ’ అని ఒక మాట ఉంది. యుద్ధంలో చూపే శౌర్యానికీ అదే మాట, ఆడవాళ్ళ పట్ల చూపే మర్యాదకీ అదే మాట. మన తెలుగు సినిమా హీరోల్లో చాలామంది మాత్రం మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశారు. రౌడీల బారినుంచి అమ్మాయిని కాపాడతారు. మరుసటి పాటలో ఆమె వద్దంటున్నా తామే వెంటపడి అల్లరి పెడతారు. కాపాడినందుకు కిస్తీ వసూలన్నమాట!

గురజాడవారి గిరీశానిది ఇంకో తీరు. ఆయన మర్యాదంతా నోట్లోనే. వితంతువులను ఉద్ధరిస్తానని ఉపన్యాసాలు దంచే ఆ పెద్దమనిషి, పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొస్తే మధురవాణి మంచం కింద దూరతాడు. 1897 నాటి ‘కన్యాశుల్కం’లో అది చదివి హాయిగా నవ్వుకుంటాం. కానీ తియ్యటి మాట ప్రతిసారీ నవ్వులాట కాదు. 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌గేటు దగ్గర జరిగిన ఘోరం, పోలీసులు చెప్పిన ప్రకారం, స్కూటరుకి పంక్చరు వేయిస్తామన్న సాయం మాటతోనే మొదలైంది.

ఆ శంషాబాద్ పక్కనే నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామాలయం ఉంది. అక్కడ ఎన్నో సినిమాలు తీశారు. ఆ గుళ్ళో కెమెరా పెట్టేవారు జటాయువుని ఒక్కసారి తలుచుకుంటే బావుండును. తను ముసలివాడు, ఎదుట ఆయుధాలు పట్టిన రావణుడు. అయినా ముందు మంచిమాటలు చెప్పి చూశాడు, వినకపోతే తలపడ్డాడు, రెక్కలు పోగొట్టుకున్నాడు. సీతమ్మనుంచి ఏమీ ఆశించలేదు.

అలాంటి హీరోని మన రచయితలు రాయకూడదూ? ఆమె వద్దంటే ఆగిపోయే మగవాణ్ణి కూడా తెరమీద చూపించకూడదూ? మన పిల్లలు ఆ సినిమాలు చూస్తూనే పెరుగుతున్నారు మరి.