ఓరియన్ గుంపు, వృషభరాశి ఏకాంతం

కేసముద్రం రైతుకి రోహిణి, మృగశిర అంటే కార్తెలు. ఒకదానిలో ఎండలు మండిపోతాయి, రెండోదానిలో తొలకరి కోసం మొగులు చూస్తారు. ఆ కార్తెల్లో సూర్యుడు ఉండే వైపే, వృషభరాశిలోనూ ఓరియన్‌లోనూ, కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఎండాకాలంలో వాటిని మనం చూడలేం. సూర్యుడికి అంత దగ్గరగా ఎక్స్‌-రే దూరదర్శినులనూ తిప్పరు. చలికాలం రాత్రుల్లో మాత్రం రెండూ ఆకాశంలో పైకెక్కి కనిపిస్తాయి.

పసి నక్షత్రాలు ఎక్స్‌-కిరణాలను విపరీతంగా చిమ్ముతాయి. ఇప్పటి సూర్యుడితో పోలిస్తే వెయ్యి రెట్లు, అంతకు మించి కూడా. మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు కనుక అంతరిక్షం నుంచే చూడాలి. ఈ పనిలో రెండు పెద్ద ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 2003 జనవరిలో నాసా వారి చంద్రా ఓరియన్ నెబ్యులాపై చేసిన సుదీర్ఘ పరిశీలన. రెండోది ఐరోపా వారి ఎక్స్‌ఎంఎం-న్యూటన్ వృషభరాశి మేఘాల్లో చేసిన సర్వే. దాని ఫలితాలు 2007లో వచ్చాయి. రెండు దూరదర్శినులూ 1999లోనే అంతరిక్షానికి చేరాయి.

చంద్రా బలం చూపులో ఉంది. అర ఆర్క్‌సెకను తేడాను కూడా విడదీస్తుంది. ఓరియన్‌కు అదే కావాలి. సీజన్‌లో కేసముద్రం మార్కెట్ యార్డులా అక్కడ నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి. ఎవరి గొంతు ఎవరిదో తెలియాలంటే చెవి చాలా పదునుగా ఉండాలి. 13 రోజుల వ్యవధిలో దాదాపు 10 రోజులు అటే చూసి, చంద్రా 1,600కు పైగా ఎక్స్‌-రే మూలాలను పట్టింది.

వృషభరాశి మేఘాలు మనకు సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి, ఓరియన్ దూరంలో మూడో వంతు. ఈ మేఘాల్లో నక్షత్రాలు విడివిడిగా, దూరదూరంగా పుడతాయి. న్యూటన్ చూపు చంద్రా అంత పదును కాదు గానీ, ఒక్కో దూరదర్శినిలో 58 అద్దాలను ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు దూరదర్శినులు దానికున్నాయి. కాంతిని దండిగా పోగుచేస్తాయి. ఆ కాంతిని వర్ణపటంగా విడదీస్తే వాయువు ఎంత వేడిగా, ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది.

ఉదాహరణకు వృషభరాశిలోని టి టౌరి నక్షత్రం. చుట్టూ ఉన్న వాయుధూళి పళ్లెం నుంచి వాయువును తనలోకి లాక్కునే ఇలాంటి నక్షత్రాల్లో, కోటి డిగ్రీలు దాటిన కరోనాతో పాటు, పది ఇరవై లక్షల డిగ్రీల "చల్లని" వాయువు కూడా ఎక్కువగా ఉందని న్యూటన్ చూపింది. లాక్కున్న వాయువు నక్షత్రంపై పడి ఢీకొట్టినందువల్లే ఈ కాంతి వస్తోందా? అలాగైతే అది చాలా చిక్కగా ఉండాలి. టి టౌరిలో అంత చిక్కదనం కనబడలేదు. ఇంత సూక్ష్మమైన ప్రశ్న ఓరియన్ జనసమ్మర్దంలో అడగడమే కష్టం. వాయువును లాక్కునే నక్షత్రాలు మిగతా వాటికంటే ఎక్స్‌-కిరణాల్లో కాస్త మసకగా ఉంటాయని మాత్రం రెండు పరిశీలనలూ చెప్పాయి. ఇద్దరు సాక్షులు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే మాట చెబితే దాన్ని నమ్మాల్సిందే.

అయినా మన సూర్యుడి బాల్యం తెలియాలంటే నా మొగ్గు ఓరియన్ వైపే. కారణం చూపు పదును కన్నా ఓపిక. వృషభరాశిలో చాలాచోట్ల న్యూటన్ పది గంటలు అటూ ఇటూగా చూసి వెళ్లిపోయింది. ఓరియన్‌లో సూర్యుడంత బరువున్న పసి నక్షత్రాలు సగటున వారానికోసారి భారీ జ్వాలలు విసురుతున్నాయని తేలింది. అన్ని రోజులు కన్నార్పకుండా కూర్చున్నందుకే ఆ లయ అంత స్పష్టంగా దొరికింది. భూమి తయారవుతున్న పళ్లెం మీద ఆ జ్వాలల దెబ్బ పడే ఉంటుంది. సౌరకుటుంబ చరిత్ర రాసేవారు ఈ మాటను పక్కన పెట్టలేరు.

ఇక మన సొంత సాధనం సంగతి. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ మృదు ఎక్స్‌-రే దూరదర్శిని చూపు రెండు ఆర్క్‌నిమిషాల స్థాయిది. ఓరియన్ మధ్యభాగం దానికి ఒకే మచ్చ. ఒంటరిగా, ప్రకాశవంతంగా ఉన్న నక్షత్రాల జ్వాలలకు మాత్రం అది పనికొచ్చే సాధనమే.

చంద్రా, న్యూటన్, ఆస్ట్రోశాట్ సమాచారం కొంతకాలం తర్వాత అందరికీ ఉచితంగా అందుబాటులోకి వస్తుంది. కేసముద్రం, మహబూబాబాద్‌లలో భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఒక్క నక్షత్రం సమాచారమైనా దించుకుని, తమ విద్యార్థుల చేత దాని జ్వాలల గ్రాఫు గీయించాలని నా విన్నపం.