గాల్దోస్ పూజారి, ఒంటిల్లు రైతు

కేశవరెడ్డి ‘మూగవాని పిల్లనగ్రోవి’లో వాస్తవికతను చివరిదాకా నిలబెట్టలేకపోయారన్న పాత ఆక్షేపణ ఈ వారం తిరుపతి సాహిత్య మిత్రుల మధ్య మళ్లీ తలెత్తింది. సామాన్యుల తిండిని, పనిని, అప్పును ఉన్నవి ఉన్నట్లు చూపే రచనా పద్ధతికి వాస్తవికత అని పేరు. చిత్తూరు జిల్లా తలపులపల్లెలో 1946లో పుట్టి, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసిన కేశవరెడ్డిని ఆ కొలతతోనే తూచడం సహజం. ఊరి మాటను, సేద్యపు పనిని తప్పులేకుండా పట్టుకోవడమే సీమ నవలకు ప్రాణమని, అందుకు కథకుడు నామిని రచనలే రుజువని ఈ శీర్షిక ఎన్నోసార్లు వాదించింది. ఆ లెక్కన ఆక్షేపణ సబబుగానే తోస్తుంది.

అయితే ఈ పద్ధతిని స్పెయిన్‌లో శిఖరానికి చేర్చిన బెనీతో పేరెస్ గాల్దోస్ (1843–1920) ఏం చేశాడో చూడాలి. సమకాలీన సమాజమే నవలకు ముడిసరుకని 1897లో స్పానిష్ రాయల్ అకాడమీలో ప్రసంగించిన ఆయన, అదే ఏడాది ‘మిసెరికోర్దియా’ (అంటే కరుణ) నవలను వెలువరించాడు. మాడ్రిడ్ పేదవాడల్లోకి చొరబడడానికి పురపాలక ఆరోగ్యశాఖ వైద్యుడిలా వేషం వేసుకున్నానని తర్వాత చెప్పుకున్నంతటి పరిశీలకుడాయన. ఆ నవలలో బెనీనా అనే ముసలి పనిమనిషి, ఆస్తి కరిగిపోయిన యజమానురాలు దోన్యా పాకాకు తిండి పెట్టడానికి సాన్ సెబాస్తియాన్ చర్చి వాకిట అడుక్కుంటుంది. ఆ సంగతి ఇంట్లో తెలియకూడదని, దోన్ రొమువాల్దో అనే పూజారి ఇంట వంట చేస్తున్నానని అబద్ధమాడుతుంది. కొన్నాళ్లకు సరిగ్గా అదే పేరుగల పూజారి ఒకాయన వారసత్వపు ఆస్తి కబురు మోసుకుని నిజంగానే ఆ ఇంటికి వస్తాడు. డబ్బు చేరిన ఆ ఇంట్లో బెనీనాకు మాత్రం చోటు మిగలదు.

ఇంతటి యాదృచ్ఛికతను గాల్దోస్ చేతగాక రాయలేదు. ఆ అబద్ధాన్ని పుట్టించింది ఆకలి. ఆకలి నిజం కాబట్టి దాని కల్పన కూడా ఆ జీవితంలో భాగమే. ‘మూగవాని పిల్లనగ్రోవి’ కథానాయకుడు, ఒంటిల్లు ఊరి రైతు బక్కిరెడ్డి విషయమూ ఇంతే. భూమి చేజారిన మనిషి కథ అతని చావుతో ముగియక ఊరి గాథగా మారి, నమ్మశక్యం కాని సంగతులతో సాగుతుందంటే, నవల వాస్తవాన్ని వదిలిందని కాదు. మట్టికీ రైతుకూ ఉన్న బంధాన్ని రిజిస్ట్రేషన్ కాగితం చెప్పలేనప్పుడు ఊరు దాన్ని చెప్పుకునే తీరు అదే. కేశవరెడ్డిదే మరో నవల ‘అతడు అడవిని జయించాడు’లో పందులు మేపే ముసలివాడికి పేరైనా లేదు, అయినా అతడు తెలుగు నవలలోని అత్యంత నిజమైన మనుషుల్లో ఒకడు.

కాబట్టి యాసా పని వివరమూ వాస్తవిక నవలకు పునాదులే తప్ప హద్దులు కావని, ఈ శీర్షిక ఇన్నాళ్లూ పట్టుకున్న కొలత చాలదని ఒప్పుకోవాలి. ఒక సంఘటన జరగగలదా అన్నదానికన్నా, దాన్ని పుట్టించిన అవసరం నిజమా అన్నదే సరైన ప్రశ్న. ఆక్షేపించేవారు ఆ ప్రశ్నతో ‘మూగవాని పిల్లనగ్రోవి’ని మరోసారి చదవాలి.