దురదకు పథ్యం ఎక్కడ?

మోచేతి మడతలు, మోకాళ్ల వెనుక ఎర్రబారి, గోకి గోకి రసి కారుతున్న బిడ్డను చూడగానే మన ఇళ్లలో ముందు కత్తెర పడేది తిండికే. వంకాయ మాన్పిస్తారు, గోంగూర మాన్పిస్తారు, ఎండుచేపల ఊసే ఎత్తనివ్వరు. ఆ తర్వాత గుడ్డు, పాలు. చివరికి పిల్లకు చారన్నం మిగులుతుంది, దురద దురదలాగే ఉంటుంది. ఎగ్జిమాకు పథ్యం కావాల్సిందే. అయితే ముందు పాటించాల్సింది స్నానాల గదిలో అంటాను.

ఎందుకంటే ఈ జబ్బులో చర్మం పై పొర తేమను పట్టి ఉంచలేదు. ఆ పొరకు బలమిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఎగ్జిమా ముప్పు బాగా ఎక్కువని 2006లో డండీ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం చూపించింది. ఒంట్లో తేమ బయటికి పోతుంది, సబ్బు, దుమ్ము లోపలికి దిగుతాయి. దురద, గోకుడు, గోకినచోట పొర ఇంకా చిట్లడం, మళ్లీ దురద. బెజవాడ ఎండల్లో కారే చెమట దీన్ని రేపుతుంది. దివిసీమ వైపు ఉప్పు బోరు నీళ్లకు నురగ రాదు కాబట్టి సబ్బు ఇంకా రుద్దుతారు. నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టిస్తే సరిపోతుందా? ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో దానివల్ల అదనపు మేలు కనబడలేదు. ఆ డబ్బు నూనెకో క్రీముకో పెట్టడం నయం.

స్నానం మానక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు, సబ్బు చంకలకు, గజ్జలకు మాత్రమే. సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం ఆరోగ్యమైన ఒంటికి ముచ్చటే కానీ, ఈ పిల్లలకు ఉన్న పొర కూడా ఊడివస్తుంది. తువ్వాలుతో తుడవకుండా అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. ఏ రకం? లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్లను 550 మంది పిల్లల్లో పోల్చి 2022లో వెలువరించిన బ్రిటన్ అధ్యయనంలో నాలుగూ సమానంగానే పనిచేశాయి. పిల్ల రాయించుకునేదే మంచి మందు. మే నెలలో పల్చనిది, చలికాలంలో చిక్కనిది వాడుకోవచ్చు. బ్రిటన్ మార్గదర్శకాలు పిల్లలకు వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా రాయమంటాయి. మనం రాసేది అందులో పదోవంతైనా ఉంటుందా? ఖరీదైన డబ్బా కొనలేమంటే కొబ్బరినూనె ఉంది. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలపై జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కంటే మెరుగైంది.

గుడ్డు తింటే దద్దుర్లు వచ్చిన పిల్లలను చూడలేదా అంటారు. నిజమే. తిన్న వెంటనే దద్దుర్లో వాంతో వస్తే అది అలర్జీ, డాక్టరుకు చూపించి ఆ ఒక్కటీ మానాలి. అంతకుమించి అందరికీ తిండి కోస్తే లాభం ఉందనడానికి గట్టి ఆధారం లేదని, 421 మందితో కూడిన తొమ్మిది పరీక్షలను పరిశీలించిన 2008 కోక్రేన్ సమీక్ష చెప్పింది. ఎదిగే పిల్లకు గుడ్డూ పాలూ ఊరికే ఆపడం నాకు ఆకలికి శిక్ష వేసినట్టే అనిపిస్తుంది.

ఇక స్టెరాయిడ్ క్రీమంటే భయం. ఆ భయానికి కారణం ఉంది: మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందులు కలిపిన ట్యూబులు. ఫంగస్ వల్ల వచ్చే తామరకు వీటిని పూస్తే దురద తగ్గినట్టే తగ్గి మచ్చ పాకుతుంది, ముఖానికి నెలలపాటు రాస్తే చర్మం పల్చబడుతుంది. అందుకే 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కానీ ఎగ్జిమా ఎర్రగా రేగినప్పుడు డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు రాయకపోవడం కూడా పొరపాటే. కొలత తేలిక. పెద్దవాళ్ల చూపుడువేలి మొదటి కణుపు గీత నుంచి కొస దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

పెద్దవాళ్లకూ ఇదే లెక్క. టిఫిన్ సెంటర్లలో అంట్లు తోమేవాళ్లు, రోజంతా తడిలో నాట్లు వేసే కూలీలు చేతులు పగిలి నెత్తురు కారినా పని దగ్గర పైకి చెప్పరు. అంట్లు తోమేచోట రబ్బరు తొడుగుల లోపల నూలు తొడుగులు, పొలం నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి అద్ది కొబ్బరినూనె. ఇవి యజమానులు కొనివ్వాల్సిన సరుకులు, కూలి డబ్బుల్లోంచి కోసుకోవాల్సినవి కావు.